కొత్త కెమెరాకు మన ఎండ తెలియదు

జనగామ జిల్లాలోని తరిగొప్పుల లాంటి మండల కేంద్రంలో కొత్త కెమెరా కొనడం ఇప్పుడు వింతేమీ కాదు. పెళ్లిళ్ల ఫొటోల పని నేర్చుకుందామనో, బతుకమ్మనూ పంట చేలనూ తాము చూసినట్టే తీద్దామనో ఒక 24 మెగాపిక్సెళ్ల కెమెరా, దానితోపాటే వచ్చే 18-55 లెన్సు, చేతిలో ఇంకొంచెం డబ్బు ఆడితే ఒక 50 ఎంఎం లెన్సు కొంటారు. మొదటి వారంలో ఎదురయ్యే నిరాశ కూడా ఇంచుమించు అందరిదీ ఒకటే. తెల్లగా పగిలిన పత్తి చేను బూడిదరంగులో వస్తుంది. నల్లటి బర్రె వెలిసిపోయి కనిపిస్తుంది. ఇంట్లో తీసిన ముఖం మీద రంగు చుక్కలు లేచి గరుకుగా ఉంటుంది. పొద్దు గూకాక తీసిన బతుకమ్మ ఆటలో చేతులన్నీ చెదిరిపోతాయి. అప్పుడు కలిగే అనుమానాలు రెండు. కెమెరాలోనే ఏదో లోపం ఉందన్నది ఒకటి, ఇంకా ఖరీదైన లెన్సు కొంటే తప్ప లాభం లేదన్నది ఇంకొకటి. ఈ అధ్యాయం చెప్పబోయేది వేరే సంగతి. కెమెరా ముందుగా వెలుతురును కొలిచే పరికరం. తయారైన చోట అది ఒక సగటు లోకాన్ని ప్రమాణంగా పెట్టుకుని బయటికి వస్తుంది. మన పత్తి, మన ముఖాలు, మన నడినెత్తి ఎండ ఆ సగటుకు ఎంత దూరంలో ఉన్నాయో దానికి తెలియదు. పత్తి అమ్మబోయిన రైతు బస్తా ఎక్కించే ముందు కాంటా సున్నా దగ్గర ఉందో లేదో చూసుకుంటాడు. తేడా ఎంతో తెలిస్తే ఆ కాంటాతోనే తూకం సరిగ్గా తేల్చుకోవచ్చు. కెమెరా నేర్చుకోవడమంటే అది ఎక్కడ, ఎటువైపు, ఎంత తప్పుతుందో తెలుసుకోవడమే.

మొదటి తప్పు మీటరుది. వస్తువు మీద ఎంత వెలుగు పడిందో కెమెరాలోని మీటరుకు కనిపించదు, వస్తువు వెనక్కి పంపినదే కనిపిస్తుంది. నీడలోని తెల్ల గోడ, ఎండలోని నల్ల గోడ దానికి ఒకే అంకె చూపవచ్చు. ఈ చిక్కును దాటడానికి తయారీదారులు ఒక ఊహ పెట్టుకున్నారు. ఏ దృశ్యమైనా సగటున తన మీద పడిన వెలుగులో ఎనిమిదో వంతుకూ ఐదో వంతుకూ మధ్య వెనక్కి పంపుతుందన్నదే ఆ ఊహ. ఫొటోగ్రాఫర్లు ప్రమాణంగా వాడే బూడిదరంగు అట్ట 18 శాతం పంపుతుంది. మట్టి, చెట్లు, ఇళ్లు, మనుషులు కలగలిసిన దృశ్యానికి ఈ ఊహ బాగానే సరిపోతుంది. పత్తి చేనుకు సరిపోదు. పత్తి నాణ్యతను పరీక్షించే యంత్రాలు దూది ఎంత వెలుగును తిప్పి పంపుతుందో ఆర్‌డీ అనే అంకెగా చూపుతాయి, మంచి పత్తికి అది 70 నుంచి 80 దాకా ఉంటుంది. 72 అనుకుంటే అది 18కి సరిగ్గా నాలుగింతలు. వెలుగు రెట్టింపు కావడాన్ని ఒక స్టాపు అంటారు కాబట్టి ఇది రెండు స్టాపుల తేడా. ఫ్రేము నిండా దూది కనబడగానే మీటరు వెలుగు ఎక్కువైందనుకుని రెండు స్టాపులు తగ్గిస్తుంది, తెల్లటిది బూడిదరంగుకు దిగుతుంది. బర్రె విషయంలో ఇదే తలకిందులుగా జరుగుతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్ మీట ఈ తప్పు దిద్దడానికే ఉంది. పత్తి కుప్పకు ప్లస్ ఒకటి లేదా ఒకటిన్నర, బర్రెకు మైనస్ ఒకటి. పత్తికి పూర్తిగా రెండు స్టాపులూ పెంచకపోవడానికి కారణం ఉంది. ఎండ నేరుగా తగిలే దూది అంచులు అప్పుడు హద్దు దాటి ఉత్త తెలుపైపోతాయి, కాయలో విడివిడిగా ఉబ్బిన దూది రెబ్బలు, వాటి మధ్య సన్నని నీడలు కనబడకుండా పోతాయి. అవి పోతే అది పత్తి అని తెలిసేదెలా?

ముఖాల దగ్గర ఈ సగటుకు ఒక చరిత్ర కూడా ఉంది. రంగుల ఫిల్ము కాలంలో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు కోడాక్ ఒక నమూనా ఫొటో పంపేది. దశాబ్దాల తరబడి అందులో ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. మొదట్లో ఫొటోకు కూర్చున్న ఉద్యోగిని పేరు మీద వాటికి షర్లీ కార్డులనే పేరు నిలిచిపోయింది. ఆ చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. ముదురు చర్మాలున్న చోట అదే కొలతతో తీసిన ఫొటోల్లో ముఖం మసకబారి కళ్లూ పళ్లూ మాత్రం మిగలడం చాలా దేశాల్లో చూసిన సంగతే. ఆ కార్డులు పోయినా వాటి చుట్టూ పుట్టిన సలహాలు పుస్తకాల్లో మిగిలాయి. ముఖం నుంచి కొలిచి ఒక స్టాపు పెంచమని చెప్పే పాత సూత్రం బూడిద అట్టకు ఇంచుమించు రెట్టింపు వెలుగును తిప్పి పంపే తెల్ల చర్మానికి చెప్పింది. గోధుమరంగు ముఖానికి ఏమీ పెంచనక్కర్లేదు, ఎండలో పనిచేసి నల్లబడిన ముఖానికి కొంచెం తగ్గించాలి. ఒక్కో ముఖానికీ లెక్క వేసుకునే బదులు అరచేతిని వాడుకోవచ్చు. చర్మం రంగు ఏదైనా అరచేతులు మనుషులందరికీ ఇంచుమించు ఒకేలా వెలుగును పంపుతాయి, బూడిద అట్ట కంటే దాదాపు ఒక స్టాపు ఎక్కువ. ముఖం మీద పడే వెలుగులోనే అరచేయి పెట్టి, దాన్ని కొలిచి, ఒక స్టాపు పెంచితే ఎదుటి ముఖం ఏ రంగుదైనా ఆ రంగులోనే వస్తుంది.

కొలత సరైనా వెలుతురే చాలని చోట ఇంకో రకం కష్టం మొదలవుతుంది. నిండు ఎండ ఇంచుమించు లక్ష లక్స్. ట్యూబులైటు వెలిగే గదిలో వంద లక్స్ ఉంటే గొప్ప. వెయ్యి రెట్ల తేడా, అంటే పది స్టాపులు. మన కన్ను ఈ తేడాను కొద్ది నిమిషాల్లో సర్దుకుని మనకు తెలియనివ్వదు, అందుకే గదిలో కూడా బాగానే వెలుతురుందనిపిస్తుంది. సెన్సర్‌లోని ఒక్కో పిక్సెల్ తన మీద పడే కాంతి కణాలను, అంటే ఫోటాన్లను లెక్కపెడుతుంది. ఆ కణాలు వరుసగా, సమంగా రావు, ఎలా పడితే అలా వస్తాయి. సగటున పదివేలు రావలసిన చోట వందకు అటూ ఇటూ తేడా వస్తుంది, అది ఒక శాతం, కంటికి ఆనదు. సగటున వందే వచ్చే చోట పదికి అటూ ఇటూ తేడా, అది పది శాతం. పక్కపక్క పిక్సెళ్ల మధ్య ఆ పది శాతం తేడానే ముఖం మీది గరుకు. ఇది సెన్సర్ లోపం కాదు, వెలుతురు స్వభావమే. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఈ లెక్క మారదు. కెమెరాలోని ఐఎస్ఓ అమరికను పెంచితే పిక్సెళ్ల అంకెలు పెద్దవవుతాయి తప్ప ఒక్క ఫోటాన్ కూడా కొత్తగా రాదు. ఫోటాన్లను నిజంగా పెంచే దారులు మూడే ఉన్నాయి. షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచడం, లెన్సు రంధ్రం పెద్దది చేయడం, వస్తువును వెలుతురు దగ్గరికి జరపడం. ఇందులో మూడోది ఉచితం, కొత్తగా కెమెరా కొన్నవారు మరిచేదీ అదే. కిటికీకి పది అడుగుల దూరంలో కూర్చున్న మనిషిని మూడడుగుల దగ్గరికి జరిపితే చాలాసార్లు మూడు స్టాపుల వెలుగు కలిసివస్తుంది.

ఖరీదైన లెన్సు వాదానికి ఇక్కడ దక్కవలసిన న్యాయం దక్కాలి. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. కెమెరాతో వచ్చిన కిట్ లెన్సును 55 దగ్గర పెడితే దాని రంధ్రం ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. మామూలు 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. మొదటిదాని రంధ్రం వ్యాసం పది మిల్లీమీటర్లకు లోపు, రెండోదానిది దాదాపు ఇరవై ఎనిమిది. రెండు ఎఫ్ అంకెలను భాగించి వర్గం చేస్తే రెండో లెన్సు దాదాపు పదింతల వెలుగును సెన్సర్‌కు చేరుస్తుందని తేలుతుంది. మూడు స్టాపులకు పైమాటే. గదిలో ముఖాలు తీసేవారికి ఇంత మేలు ఇంకెక్కడా ఇంత చవకగా దొరకదు. అయితే దానికి చెల్లించే ధర ఇంకోటి ఉంది. ఏపీఎస్-సి సెన్సర్ ఉన్న కెమెరాతో మీటరున్నర దూరంలోని మనిషిని ఎఫ్ 1.8 దగ్గర తీస్తే స్పష్టంగా ఉండే లోతు మొత్తం ఆరున్నర సెంటీమీటర్లు. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసక. పెళ్లిపీటల మీద పక్కపక్కన కూర్చున్న వధూవరుల్లో ఒకరు జానెడు ముందుకు వంగితే రెండోవారు ఫోకస్ దాటిపోతారు. ఎఫ్ 5.6కు తగ్గిస్తే ఆ లోతు ఇరవై సెంటీమీటర్లవుతుంది. లెన్సు మసకగా ఉందని దుకాణానికి తిరిగి తీసుకుపోయే ఫిర్యాదుల్లో చాలా వాటి వెనక ఈ ఆరున్నర సెంటీమీటర్లే ఉంటాయి.

నిజంగా లెన్సులోనే లోపం ఉందేమో తేల్చుకోవడానికి ఒక దినపత్రిక చాలు. పేజీ మొత్తాన్ని గోడకు సమంగా అంటించి, కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు నిటారుగా నిలిపి, రెండు సెకన్ల టైమరు పెట్టి, ఫోకస్ కదపకుండా ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 16 దాకా ఒక్కొక్కటిగా తీయాలి. మారేది రంధ్రం ఒక్కటే కావాలి. తెలుగు అచ్చు ఈ పరీక్షకు చాలా అనువైనది, అక్షరం కింద వేలాడే చిన్న వత్తులూ సన్నని గుణింతాల కొసలూ లెన్సు బలహీనతను వెంటనే బయటపెడతాయి. నడిమధ్యన, నాలుగు మూలలా వత్తులు చదవగలిగేలా ఉన్నాయా అని పెద్దది చేసి చూడాలి. బాగా తెరిచినప్పుడు మూలలు కొంచెం మసకగా ఉండటం మామూలే. నాలుగు మూలల్లో ఒక్కటే బాగా మసకబారితే అది లెన్సు లోపం, అప్పుడు మార్చుకోవడం న్యాయం. చాలా లెన్సులు ఎఫ్ 5.6, ఎఫ్ 8ల మధ్య అన్నిటికంటే పదునుగా ఉంటాయి. ఎఫ్ 16 దాటితే మళ్లీ మెత్తబడతాయి. సన్నని రంధ్రం దాటేటప్పుడు వెలుగు అలలు వంగి పరుచుకుంటాయి కాబట్టి ఒక చుక్క చుక్కగా పడదు, చిన్న బిళ్లగా పడుతుంది. ఎఫ్ 5.6 దగ్గర ఆ బిళ్ల వ్యాసం ఏడున్నర మైక్రాన్లు, ఎఫ్ 16 దగ్గర ఇరవై ఒకటికి పైన. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో పిక్సెల్ వెడల్పు సుమారు నాలుగు మైక్రాన్లే. ఎఫ్ 22లో తీస్తే అంతా పదునుగా వస్తుందన్న నమ్మకం అందుకే నిలవదు.

ఇంత కష్టం ఇప్పుడెందుకు, కెమెరాలే అన్నీ చూసుకుంటున్నాయి కదా అన్నది బలమైన అభ్యంతరమే. ముఖాన్ని గుర్తించి దానికే ఎక్స్‌పోజర్ సర్దే కెమెరాలున్నాయి. చీకట్లో ఫోను ఒక్క ఫొటో తీసినట్టు కనిపించినా లోపల చాలా ఫొటోలు తీసి కలుపుతుంది. తొమ్మిది కలిపితే గరుకు మూడో వంతుకు తగ్గుతుంది, పైన చెప్పిన ఫోటాన్ల లెక్కే ఇది. కదలని దృశ్యానికి ఈ పద్ధతి నిజంగా గొప్పది. కదిలే చేతికి పనికిరాదు, ఒక్కో ఫొటోలో చేయి ఒక్కో చోట ఉంటుంది కాబట్టి కలపడానికి ఏమీ మిగలదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఆటోలో పెట్టిన కెమెరా షట్టర్‌ను తగ్గించాలా, ఐఎస్ఓ పెంచాలా, రంధ్రం తెరవాలా అన్నది ఎలాగూ ఏదో ఒకటి తేలుస్తుంది. ఆ తేల్చుకోవడంలో దేన్ని కాపాడాలో, దేన్ని వదులుకోవాలో దానికి తెలియదు. సెన్సర్ అంకెలను దిద్దకుండా దాచే రా ఫైలుగా తీసి తర్వాత సరిచేసుకుంటామనే వారికి కూడా సగం న్యాయం ఉంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. నీడలు పైకి లేపవచ్చు, రంగు మార్చవచ్చు. హద్దు దాటి తెల్లబడిన దూదికి మాత్రం అందులోనూ ఏమీ రాసి ఉండదు. చెదిరిన చేయి, తప్పిన ఫోకస్ ఏ ఫైలులోనూ సర్దుకోవు.

తర్వాత దిద్దుకోవచ్చులే అన్న నమ్మకం నిన్నమొన్నటిది కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఫొటోగ్రాఫర్లు కూడా ఎక్స్‌పోజర్ తప్పినా డెవలప్ చేసేటప్పుడు నేర్పుతో సరిచేయవచ్చని అనుకునేవారు. ఇంగ్లండులోని విడ్నెస్‌లో రసాయన పరిశ్రమలో పనిచేస్తూ సరదాకు ఫొటోలు తీసుకునే ఇద్దరు దీన్ని కొలిచి చూశారు. వారు ఫెర్డినాండ్ హర్టర్, వెరో చార్లెస్ డ్రిఫీల్డ్. ఒకే ప్లేటును క్రమంగా పెరిగే వెలుగులకు చూపి, ఎక్కడ ఎంత నల్లబడిందో కొలిచి, 1890లో ఆ ఫలితాన్ని గీతగా అచ్చువేశారు. మధ్యలో ఆ గీత తిన్నగా సాగుతుంది, అక్కడ పడ్డ వెలుగుకు తగ్గ తేడా ప్లేటు మీద కనబడుతుంది. రెండు చివరలా గీత వాలిపోతుంది, అక్కడ తేడాలు అణిగిపోతాయి, డెవలపరు వాటిని వెనక్కి తేలేదు. ఇవాళ కెమెరాల సమీక్షల్లో వెలుగుకు సెన్సర్ స్పందనను చూపే గీతలు దీని సంతతే. వారిద్దరూ అంతకు రెండేళ్ల ముందే, 1888లో, ఆక్టినోగ్రాఫ్ అనే లెక్కపట్టీకి పేటెంటు తీసుకున్నారు. ఏడాదిలో ఏ రోజు, రోజులో ఏ గంట అన్నది చూసి ఎంత ఎక్స్‌పోజర్ ఇవ్వాలో అది చెబుతుంది. అందులోని పట్టిక ఏ అక్షాంశం కోసం తయారైతే అక్కడే పనికొస్తుంది. ఒక ఊరి వెలుగు లెక్క ఇంకో ఊరికి చెల్లదని ఆ ఇద్దరూ పరికరంలోనే రాసి పెట్టారన్నమాట.

అవే సంవత్సరాల్లో మన దగ్గర సికింద్రాబాద్‌లో 1886లో స్టూడియో తెరిచిన లాలా దీన్ దయాళ్ పనిని ఈ వెలుగులో చూడాలి. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ 1870లలో ఫొటోగ్రఫీ చేపట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన మనిషి ఆయన. విద్యుత్ లైటు మీటర్లు 1930లలో గానీ రాలేదు. ఆనాటి ప్లేట్లకు నీలం బాగా ఆనేది, ఎరుపు దాదాపు ఆనేది కాదు. ఆకాశం తెల్లగా, ఎర్రమట్టి నల్లగా వచ్చే ప్లేట్లతో, మీటరు లేకుండా, దక్కను ఎండలో కోటలనూ దర్బారులనూ నీడల్లో వివరం పోకుండా తీయడానికి మంచి పరికరం ఒక్కటే చాలదు. ఏ గంటకు ఏ గోడ మీద ఎంత వెలుగుంటుందో, ఆ వెలుగును తన ప్లేటు ఎలా చదువుతుందో ఆయనకు తెలిసి ఉండాలి. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్న ఆయన గాజు ప్లేట్లు ఆ తెలివికి సాక్ష్యం.

మరి తరిగొప్పుల వెలుగు లెక్క ఏమిటి? ఈ ఊరు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి రోజుల్లో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. లండన్‌లో ఏడాదిలో అన్నిటికంటే ఎత్తుకు వచ్చిన రోజున కూడా సూర్యుడు 62 డిగ్రీలు దాటడు. నడినెత్తి ఎండలో నుదురు, ముక్కు కొస మెరుస్తాయి, కనుగుంటలు నల్లబడతాయి. ఆ వేళ ముఖాలు తీయక తప్పకపోతే చెట్టు నీడ చివరకు, ఇంటి అరుగు అంచుకు రావాలి, అక్కడ వెలుగు పైనుంచి కాక పక్క నుంచి వస్తుంది. ఎర్ర చెల్క నేలలో ఇంకో సంగతి గమనించాలి. నేల మీద పడి లేచే వెలుగు ఎర్రబారి గడ్డం కిందా ముక్కు కిందా అంటుతుంది. నేల మీద తెల్లపంచె ఒకటి పరిస్తే ఆ ఎరుపు పోవడమే కాదు, కనుగుంటల్లోకి కూడా వెలుగు చేరుతుంది. డిసెంబరు చివరి వారాల్లో మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల దాకానే వస్తాడు, అప్పుడు పన్నెండు గంటలకు కూడా ముఖాలు తీయవచ్చు. ఉదయమూ సాయంత్రమూ ఒక గంట పాటు బంగారు వెలుగుంటుందని చదివిన మాట నమ్మి నిదానంగా బయల్దేరితే ఇక్కడ పని చెడుతుంది. సూర్యుడు మన దగ్గర దాదాపు నిటారుగా దిగుతాడు. సెప్టెంబరు చివర్లో ఆఖరి ఆరు డిగ్రీలు దిగడానికి లండన్‌లో దాదాపు 38 నిమిషాలు పడితే తరిగొప్పులలో 25 చాలు.

ఈ తొందర బతుకమ్మ రోజుల్లో బాగా తెలుస్తుంది. పొద్దు గూకినప్పుడు దాదాపు నాలుగు వందల లక్స్ ఉండే వెలుగు 22 నిమిషాల్లో మూడు, నాలుగు లక్స్‌కు పడిపోతుంది. ఏడు స్టాపులు. అంటే ఇంచుమించు ప్రతి మూడు నిమిషాలకూ వెలుగు సగమవుతుంది, ఆరు గంటలకు పెట్టుకున్న సెట్టింగు ఆరుంబావుకు పనికిరాదు. చప్పట్ల చేయి సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదులుతుందనుకుందాం. నాలుగు మీటర్ల దూరం నుంచి 50 ఎంఎం లెన్సుతో 1/60 సెకనులో తీస్తే ఆ చేయి సెన్సర్ మీద నూరు పిక్సెళ్లకు పైగా జరుగుతుంది. 1/500లో పదమూడు పిక్సెళ్లు. వెలుగున్న ఆ మొదటి పావుగంటలోనే చేతులను నిలిపి తీయగలం, తర్వాత వలయంగా తిరిగే చీరల కదలికను కావాలనే చెదరనిచ్చి తీయడం మంచిది. చీకటి పడ్డాక గుడి ముందు వెలిగించిన దీపాలతో మరో చిక్కు. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది కాబట్టి చవకరకం ఎల్‌ఈడీలూ పాత చోకు ట్యూబులైట్లూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/500 పెడితే ఫొటోలో అడ్డచారలు, లేదా ఒకటి వెలుగుగా ఇంకొకటి చీకటిగా వస్తాయి. 1/100, 1/50 దగ్గర అవి మాయమవుతాయి. ఇక రంగు. బతుకమ్మ నిండా తంగేడు. వెలుగు రంగును సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ చేసే ఊహ కూడా సగటుదే, దృశ్యంలోని రంగులన్నీ కలిపితే బూడిదరంగు అవుతుందని. ఫ్రేము నిండా పసుపు ఉంటే వెలుగే పచ్చబడిందనుకుని నీలం కలుపుతుంది, ముఖాలు పాలిపోతాయి. బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు దగ్గర నిలిపేస్తే ఈ బాధ ఉండదు. తంగేడు రేకును దగ్గరగా చూస్తే సన్నని ఈనెలు కనిపిస్తాయి, ఫొటోలో అవి తరచూ పోయి పచ్చటి మరక ఒకటి మిగులుతుంది. ఎరుపు చానెల్ ముందే నిండిపోవడం దానికి కారణం. ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంత ఉందో గీతగా చూపే మామూలు హిస్టోగ్రామ్ ఆ సంగతి దాస్తుంది, మూడు రంగులనూ విడివిడిగా చూపేదాన్ని తెరిచి ఎరుపు కుడి గోడకు తగిలితే ముప్పావు స్టాపు తగ్గించాలి.

జనగామకు పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పని కెమెరాకు ఇంకా కఠినమైన పరీక్ష. రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బించిన తామర రేకులు, తీగలు. ఫ్లాష్ వేసి తీస్తే ఒకచోట కళ్లు చెదిరే తెల్ల చుక్క, మిగతాదంతా నలుపు. ఎంత మంచి లెన్సు పెట్టినా అంతే. మెరుగుపెట్టిన లోహం వెలుగును అన్ని వైపులకూ చిమ్మదు, వచ్చిన కోణంలోనే తిప్పి పంపుతుంది. అందుకే ఇత్తడి ఫొటోలో కనిపించేది ఇత్తడి చుట్టూ ఉన్న లోకమే. చుట్టూ చీకటి గది ఉంటే ఇత్తడీ చీకటిగానే వస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ కొంటే ఈ మెరుపు పోతుందనుకుని డబ్బు పెట్టేవారుంటారు. నీరు, ఆకు, గాజు, పాలంపేట రామప్ప గుడిలోని నునుపైన నల్లరాతి స్తంభాలు వీటి మీది మెరుపును అది తగిన కోణం నుంచి చాలా వరకు కోస్తుంది, లోహం మీది మెరుపును దాదాపు ముట్టదు. లోహం నుంచి తిరిగొచ్చిన వెలుగు ఆకు నుంచి వచ్చిన దానిలా ఒకే దిశలో ఊగదు. కావలసింది ఇత్తడికి చూపించడానికి ఒక పెద్ద తెల్లటి వస్తువు. అరగజం దూరంలో తెల్లపంచెను నిలువునా వేలాడదీసి, దాని వెనక నుంచి ఎండ పడనిస్తే పంచె మొత్తం వెలుగు మూలమవుతుంది. ఉబ్బెత్తు రేకు ఒక్కో మలుపూ ఆ తెలుపులో ఒక్కో ముక్కను చూపిస్తుంది. మరోవైపు నల్ల గుడ్డ కడితే అంచులు గీత గీసినట్టు తేలుతాయి.

ఇన్ని లెక్కలతో ఫొటోలో ప్రాణం పోతుందని, చూసే కన్నుంటే చాలని చెప్పేవారి మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్, చిత్రకారుడు భరత్ భూషణ్ తెలంగాణ పల్లె ఇళ్లనూ, తలుపులనూ, బతుకమ్మనూ ఏళ్ల తరబడి తీశారు. ఏ తలుపు ముందు ఆగాలో ఏ మీటరూ చెప్పదు. 2022 జనవరిలో ఆయన పోయాక మనకు మిగిలింది ఆ ఎంపికే. కానీ ఆగిన తర్వాతి పని వెలుగుతోనే. ఉదాహరణకు 1957లో వచ్చిన మాయాబజార్ చూడండి. ఆ సినిమాలో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ చూపిన వెన్నెలను జనం ఇప్పటికీ తలుచుకుంటారు. నిజమైన పున్నమి వెన్నెల ఎండ కంటే దాదాపు నాలుగు లక్షల రెట్లు తక్కువ, పద్దెనిమిది స్టాపులకు పైమాటే. ఆనాటి ఫిల్ము మీద ఆ వెలుగులో నటుల ముఖాలు పడే వీలే లేదు. తెర మీది వెన్నెల దేన్ని ఎంత తగ్గించాలో, ముఖాన్ని ఎక్కడ నిలపాలో ముందే తేల్చుకుని చేసినది. పగటిపూట ఇంటి గడప దగ్గర నిలబడి తీసేవారిది కూడా అలాంటి నిర్ణయమే. బయట లక్ష లక్స్, లోపల వంద. పది స్టాపుల ఈ దూరాన్ని ఒకే జేపెగ్‌లో హాయిగా పట్టలేం. లోపలి చీకటిని చీకటిగా వదిలి తలుపు చెక్కడం చూపవచ్చు, లేదా వాకిలిని తెల్లగా పోనిచ్చి లోపల కూర్చున్న మనిషి ముఖం చూపవచ్చు. రెండూ కావాలంటే పొద్దు దిగేదాకా ఆగాలి. సూర్యుడు అస్తమించిన నిమిషాల్లో బయట నాలుగు వందల లక్స్, లోపల ట్యూబులైటు వెలిగిస్తే వంద, తేడా రెండు స్టాపులే. ఆ తర్వాత ఆరు నిమిషాలకు లోపలా బయటా సమానమవుతాయి, మరో మూడు నిమిషాలు దాటితే లోపలిదే ఎక్కువ.